వెలుతురు బాగోలేదు

వదిన చేతిలో నేనెప్పుడూ కెమెరా చూడలేదు. ఒక గొడుగు, ఒక తెల్ల అట్టముక్క, భుజాన ఒక గుడ్డసంచి, అంతే. వాటితోనే పదకొండేళ్ళు ఊరంతా తిరిగి, ఊళ్ళో కుటుంబాలు ఫోటో దిగడానికి చోట్లు వెతికిపెట్టింది. ఏ చెట్టు కింద ఏ వేళకి ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుందో, ఏ మెట్ల మీద పదిమంది మూడు వరుసల్లో సరిపోతారో ఆమెకు తెలుసు. ఫోటో కింద స్టూడియో పేరుండేది. వదిన పేరు ఎక్కడా ఉండేది కాదు.

ఆ పనిలోకి ఆమె పోట్లాడి చేరింది. అన్నయ్య పెళ్ళయిన కొత్తలో మేమంతా ఒక పార్కులో ఫోటో దిగాం. తీరా చూస్తే వెనకనున్న దీపస్తంభం సరిగ్గా అమ్మ నడినెత్తిన మొలిచినట్టు పడింది. మేం నవ్వుకుని ఊరుకున్నాం. వదిన ఊరుకోలేదు. ఆ ఫోటో పట్టుకుని నేరుగా స్టూడియోకి వెళ్ళింది.

"మా అత్తయ్య నెత్తిన స్తంభం పాతారేమిటండీ?" అందట.

"ఆ పార్కులో స్తంభం అడ్డురాని చోటు ఎక్కడుందమ్మా? ఉంటే నువ్వే చూపించు."

"రేపు నాలుగింటికి రండి."

చూపించింది. ఒకటి కాదు, మూడు చోట్లు. ఆ తర్వాత స్టూడియో ఆయన ఆమెను వదల్లేదు. "వేలు నాది, కళ్ళు ఆవిడవి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఆమె చోటు చూసే పద్ధతి వేరు. మామూలుగా ఎవరైనా పూలున్నాయా, నీళ్ళున్నాయా అని చూస్తారు. వదిన ముందు ఆ చోటుకి వీపు పెట్టి నిలబడేది. ఫోటోలో పడనిదేమిటో చూసేది. దగ్గర్లో మూత్రశాల ఉందా, పెద్దవాళ్ళు కూలబడటానికి అరుగైనా ఉందా, కుక్కలు ఎటునుంచి వస్తాయి, ఇవీ ఆమె లెక్కలు. "నవ్వు ఊరికే వస్తుందా మరిదిగారూ? ముసలాయనకి మోకాళ్ళు లాగుతుంటే వెనక నందనవనం ఉండి ఏం లాభం?" అనేది.

సెలవు రోజుల్లో నన్ను వెంటేసుకుపోయేది. ఎక్కడో ఒక గోడ ముందు నిలబెట్టి, "ఒక్క పది నిమిషాలు తాతగారైపోండి" అనేది. మొహం మీద వెలుగు ఎలా పడుతుందో చూడటానికి ఎవరో ఒక మనిషి కావాలి కదా. నేనే ఆ మనిషిని. తెల్ల అట్ట నా గడ్డం కింద పెట్టి, ఒక కన్ను మూసి చూసేది.

"వదినా, నాకింకా పెళ్ళే కాలేదు. అప్పుడే మనవలా?"

"మీ వాలకం చూస్తే నేరుగా మనవలతోనే మొదలెట్టేలా ఉన్నారు. ఆ పొట్ట లోపలికి పీల్చండి. ఈ తాతగారు రోజూ నడుస్తారు."

ఆమె చోట్లన్నింటిలోకీ పేరుపడ్డది ఒక గోడ. పాత రాతి గోడ. దాని మీద ఒక తీగ కింద సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ చేతివేళ్ళలా విడిపోయి అల్లుకుంటుంది. మధ్యాహ్నం నాలుగింటికి ఆ గోడ ముందు నిలబడితే ఎవరి మొహమైనా పాలతో కడిగినట్టుంటుంది. ఊళ్ళో మిగతా స్టూడియోల వాళ్ళు ఆ గోడ ఎక్కడుందో కనుక్కోవాలని చూసేవారు. మేం అడిగినా చెప్పేది కాదు. "చెబితే నా పొట్ట నేనే కొట్టుకున్నట్టు" అనేది.

ఆ గోడ దగ్గరే మా అందరికీ ఒక ఫోటో తీయిస్తానంది. అమ్మ నెత్తిన స్తంభం బాకీ తీర్చుకుంటానంది. ఒక ఆదివారం అందరం తయారై కూర్చున్నాం. వదిన ముందు వెళ్ళి చోటు చూసి ఫోన్ చేస్తే మేం బయల్దేరాలి. ఫోన్ వచ్చింది.

"రాకండి. ఈ రోజు వెలుతురు బాగోలేదు."

బయట ఎండకి కాకులు కూడా నీడ వెతుక్కుంటున్నాయి. అమ్మ కొత్త బట్టలు మడత పెడుతూ, "దీని కళ్ళకేమైనా పొర కమ్మిందేమో చూపించరా" అంది అన్నయ్యతో. తర్వాతి ఆదివారం మళ్ళీ అంతే. స్టూడియో ఆయనకీ ఈ మాట అలవాటే. నెలలో రెండు మూడుసార్లు నిప్పులు చెరిగే ఎండలో ఆమె ఫోన్ చేసి ఈ ముక్క చెప్పేది. ఎందుకని అడిగితే, "మీకు కనపడదు లెండి" అనేది. ఆమె మాట కాదని తీసిన ఫోటో ఒక్కటీ లేదు గనక ఆయన నోరెత్తేవాడు కాదు. మా ఇంట్లో మాత్రం అదొక సామెత అయిపోయింది. అన్నయ్య పొద్దున లేవకపోతే వెలుతురు బాగోలేదు. నేను గిన్నెలు తోమకుండా జారుకుంటే వెలుతురు బాగోలేదు.

మూడో ఆదివారానికి రమ్మంది. పార్కు వెనక గేటులోంచి, ఒక సందులోంచి తీసుకువెళ్ళింది. తీగ గోడ ఒకవైపు. దానికి ఎదురుగా కిటికీల్లేని పెద్ద తెల్ల భవనం, దానికొక ఇనుప తలుపు. ఎండ ఆ తెల్లదనం మీద పడి, తిరిగి మా మొహాల మీదికి మెత్తగా వస్తోంది. పాలవెలుగు రహస్యం అదీ.

"ఏమిటే ఆ భవనం?" అంది అమ్మ.

"ఏదో గిడ్డంగి అత్తయ్యా. మీరిటు చూడండి."

అందరినీ సర్ది, చివరి నిమిషంలో పరుగెత్తుకొచ్చి అన్నయ్య పక్కన నిలబడి, "అత్తయ్యా, వెనక స్తంభం" అంది. అమ్మ ఉలిక్కిపడి, అంతలోనే పకపకా నవ్వింది. ఆ ఫోటో మా ముందుగదిలో ఉంది. అందరం పళ్ళన్నీ బయటపెట్టి, ఎదురుగా ఉన్న ఆ ఇనుప తలుపు వైపు చూసి నవ్వుతున్నాం. వదిన సరిగ్గా పడిన ఫోటో అదొక్కటే.

ఆమె పోయింది కూడా ఆదివారమే. పొద్దున తొమ్మిదింటికి కొత్త చోటేదో చూసొస్తానని గొడుగు పట్టుకుని బయల్దేరింది. రోడ్డు దాటే వంతెన మెట్లెక్కుతూ, సగంలో కూర్చుండిపోయిందట. అలసిపోయిందేమో అనుకున్నారట పక్కనుంచి వెళ్ళేవాళ్ళు. ఎవరో ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. ముప్పైతొమ్మిదేళ్ళు. నిన్నటిదాకా జలుబు కూడా లేదు.

దారిలో పోయిన మనిషి గనక ఏవో పరీక్షలు, కాగితాలు ఉంటాయన్నారు. అమ్మను పక్కింటివాళ్ళ దగ్గర ఉంచి మేమిద్దరం వెళ్ళాం. వదిన సంచి, ఫోన్ నా చేతికిచ్చారు. సంచిలో తెల్ల అట్ట వంగి ఉంది. నేను దాన్ని మోకాలి మీద పెట్టి చదును చేస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. వంపు పోవాలి, అంతే అనిపించింది.

మూడున్నర దాటాక, "వెనకవైపు వెళ్ళండి, అక్కడ అప్పగిస్తారు" అన్నారు. అన్నయ్య సంతకాలు చేస్తున్నాడు. కూర్చునే చోటుందేమో చూద్దామని నేను ముందు వెళ్ళాను. పొడవాటి నడవ, మందు వాసన, చివర ఒక ఇనుప తలుపు. తోసుకుని బయటికి వచ్చాను.

ముందు తీగను గుర్తుపట్టాను. కింద సన్నగా, పైన వేళ్ళలా. తర్వాత గోడను. మా ఫోటో రోజు నేను పొట్ట లోపలికి పీల్చి నిలబడిన రాయిని. వెనక్కి తిరిగి నేను తోసుకుని వచ్చిన తలుపును చూశాను. తలుపు చుట్టూ తెల్లటి భవనం. గిడ్డంగి.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తలుపు పక్కన బల్ల మీద కూర్చున్న కాపలా ముసలాయన, "నీడకి రా బాబూ, ఎండలో నిలబడ్డావ్" అన్నాడు.

"ఇక్కడ ఫోటోలు తీస్తారా?" అని అడిగాను.

"తీస్తారు. గొడుగేసుకుని ఒకమ్మ వస్తది, వారానికోసారో రెండుసార్లో. ముందు నా దగ్గరికొచ్చి, 'తాతా, ఎవరన్నా ఉన్నారా?' అని అడుగుద్ది. బల్ల ఖాళీగా ఉంటే ఫోటోలవాళ్ళని పిలుస్తది. మీలాగా ఎవరన్నా శవం కోసం కూర్చుని ఉంటే మాత్రం ఫోన్ తీసి, 'వెలుతురు బాగోలేదు' అంటది. ఇంతెండలో! నాకు నవ్వొచ్చేది. వాళ్ళ ముందు కుటుంబాల్ని నిలబెట్టి నవ్వించకూడదు గదా తాతా, అనేది." ఆయన సందు చివరికి చూశాడు. "ఇయ్యాళ కూడా రావాలి. ఇంకా రాలేదు."

"వచ్చింది" అన్నాను.

ఆయన నా చేతిలోని సంచి చూశాడు. గుర్తుపట్టాడు. బల్ల మీంచి లేచి పక్కకి జరిగాడు.

అప్పుడే సంచిలో ఫోన్ మోగింది. స్టూడియో సార్, అని ఉంది. ఆయనకి ఎవరూ చెప్పలేదన్న సంగతి నాకప్పుడు తట్టింది. ఎత్తితే ఆమె లేదన్న మాట నా నోటితో పైకి అనాలి. మోగి మోగి ఆగేదాకా చూస్తూ నిలబడ్డాను. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది.

అన్నయ్య బయటికొచ్చి బల్ల మీద కూలబడ్డాడు. తల దించుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. నేను అతనికీ గోడకీ మధ్య నిలబడ్డాను. ఇంటికి వెళ్తే అతనికి మిగిలేది ముందుగదిలోని ఆ ఫోటో ఒక్కటే. తలెత్తి ఈ గోడను చూశాడంటే ఆ ఫోటో కూడా పోతుంది.

"కూర్చోరా" అన్నాడు.

"ఫర్వాలేదు, నిలబడతా."

సందు చివర నవ్వులు వినపడ్డాయి. స్టూడియో ఆయన, మెడలో కెమెరా, వెనక్కి నడుస్తూ ఎవరినో నవ్విస్తున్నాడు. ఆయన వెంట ఒక కుటుంబం. చేతికర్రతో ఒక పెద్దాయన, పసుపు గౌనులో ఒక చిన్నపిల్ల, అందరివీ కొత్త బట్టలు. ఇంకో ముప్పై అడుగులు వేస్తే మా ముందుంటారు.

నేను కదిలితే గోడ అన్నయ్యకి కనపడుతుంది. కదలకపోతే వాళ్ళు వచ్చి ఇక్కడ నిలబడి నవ్వుతారు.

కదిలాను.

"మీరా బాబూ?" అన్నాడు స్టూడియో ఆయన. "మేడం ఫోన్ ఎత్తట్లేదు. ఎప్పుడూ ముందొచ్చి చెబుతుంది. ఎండ బ్రహ్మాండంగా ఉంది కదా అని మేమే వచ్చేశాం."

"ఈ రోజు వెలుతురు బాగోలేదండీ" అన్నాను.

ఆయన పైకి చూశాడు. గోడ వైపు చూశాడు. తర్వాత నా భుజం మీదుగా ఇనుప తలుపు వైపు, బల్ల మీది అన్నయ్య వైపు, నా చేతిలోని సంచి వైపు. సంచి దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. మెడలోంచి కెమెరా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏమయ్యా, కళ్ళు చెదిరిపోతుంటే వెలుతురు లేదంటావేమిటి?" అన్నాడు కర్ర పెద్దాయన.

"మా మేడం మాటండీ" అన్నాడు స్టూడియో ఆయన, వాళ్ళవైపు మొహం తిప్పకుండానే. "ఆమె బాగోలేదంటే బాగోలేనట్టే. ఇంకోరోజు వద్దాం. పదండి."

పసుపు గౌను పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అందరూ సందు మలుపు తిరిగి వెళ్ళిపోయారు.

నేను వచ్చేసరికి అన్నయ్య తలెత్తి ఉన్నాడు. గోడనే చూస్తున్నాడు. కింద నుంచి పైదాకా తీగ వెంట అతని కళ్ళు మెల్లగా పోవడం చూశాను.

"ఏం చెప్పావు వాళ్ళకి?"

చెప్పాను. ముసలాయన చెప్పిందంతా కూడా చెప్పాను. దాచడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు. ఇన్ని గోడలున్న ఊళ్ళో ఈ గోడనే ఎందుకు ఎంచుకుందో మాత్రం నాకు తెలియదు, ఇప్పటికీ. అడుగుదామంటే మనిషి లేదు.

నాలుగయింది. గోడ మీద వెలుగు మెత్తబడి, ఆమె చెప్పినట్టే పాలలా తయారైంది. అన్నయ్య మొహం మీద కూడా పడింది.

"మన ఫోటోకి రెండుసార్లు వద్దంది కదరా" అన్నాడు.

"అవును."

"అంటే ఆ రెండు ఆదివారాలూ..." అని ఆగి, తను కూర్చున్న బల్లను చేత్తో తడిమాడు. "ఇక్కడ ఎవరో కూర్చున్నారు."