రొయ్యల వాసనతోనే గాజులు తొడిగాను

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పని నాది. పోయిన ఏడాది సైజుల వారీగా రొయ్యల్ని వేరుచేసే ఏఐ మిషను తెచ్చారు. "ఇంక మజ్జానానికే ఇంటికి పోవచ్చక్కా" అన్నాడు సూపర్‌వైజరు. అది నమ్మి నా కూతురి సీమంతం సాయంత్రానికి పెట్టుకున్నాను.

ఆ రోజు చేతులు కడుక్కుంటుంటే ఇంకో లారీ వచ్చింది.

"మిషను బిరీన చేస్తుండాదని సరుకు ఎక్కువ తెప్పించినారక్కా" అన్నాడు సూపర్‌వైజరు.

"తలలు తీసేది మిషనా, మేమా? అది మిగిల్చిన పొద్దు ఎవురు మింగినారయ్యా?" అని అరిచాను. అయినా వదల్లేదు.

ముహూర్తం దాటిపోతుందని, చివరికి స్నానం కూడా లేకుండా పరుగెత్తాను. తల్లి తొడిగాకే మిగతావాళ్లు గాజులు తొడగాలి కనుక పేరంటాళ్లంతా కాచుకుని ఉన్నారు. వియ్యపురాలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"రామ్మా, కడుపులో బిడ్డకి రొయ్యల కూర గుర్తొస్తుండాది" అంటూ నా కూతురు చేతులు చాపింది. అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. కూతురి సీమంతానికి స్నానం చేసి మంచి చీర కట్టుకునేంత పొద్దయినా మిగల్చని మిషను ఎవరి పని తగ్గించినట్టు?