పైపు దొరతో బేస్‌బాలుకి వెళ్ళిన వేళ

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, అమెరికాలో ఉద్యోగం నిలబడాలంటే చదువొక్కటే చాలదనీ, ఆటల మీద అభిప్రాయాలు కూడా ఉండాలనీ నేను గాఢంగా నమ్మేవాణ్ణి. నమ్మించినవాడు నా కాలేజీ సీనియర్. నాకంటే మూడేళ్ళు ముందొచ్చాడు కనక ఆయన మాట నాకు వేదం. "సోమవారం పొద్దున కాఫీ మిషన్ దగ్గర గేమ్ గురించి మాట్లాడని వాణ్ణి వీళ్ళు మనిషి కింద లెక్కెయ్యర్రా. అర్థం కాకపోతే యెస్, యెస్ అని తలూపు. క్రికెట్ మాటెత్తావో, అంతే సంగతులు" అన్నాడు. నేను షికాగోలో బాయిలర్ల గొట్టాలు డిజైన్ చేసే ఓ కంపెనీలో చేరాను. చదువయ్యాక ఉద్యోగం చేసుకోమని ప్రభుత్వం ఇచ్చిన ఏడాది గడువు సెప్టెంబరుతో సరి. ఈలోగా కంపెనీ గ్రీన్ కార్డుకి స్పాన్సర్ చేస్తే ఉంటాం, లేదా మూటాముల్లె సర్దుకుంటాం. చూస్తే ఆఫీసులో నెలకొకరిని లేఆఫ్ చేస్తున్నారు. సంతకం పెట్టాల్సినవాడు మా బాసు. నోట్లోంచి పైపు తియ్యని ఆ మనిషికి మా ఆవిడ 'పైపు దొర' అని పేరు పెట్టింది.

జూన్‌లో ఒకరోజు పైపు దొర నా క్యూబికల్ దగ్గర ఆగి, "శుక్రవారం మధ్యాహ్నం పని లేదు. నువ్వూ నేనూ బాల్ గేమ్‌కి వెళ్తున్నాం" అన్నాడు. ఇది ఇంటర్వ్యూ కాక మరేమిటి? (పెళ్ళిచూపుల్లో పిల్లని పాట పాడమన్నట్టు అనిపించింది. అప్పుడు మా ఆవిడ ఎంత బాధపడి ఉంటుందో ఆ క్షణంలో తెలిసింది.) శుక్రవారం మైదానం చివర, ఎండలో, బల్లల మీద కూర్చున్నాం. ఆట చూస్తున్నకొద్దీ ఉన్న మతి కాస్తా పోయింది. బంతిని కొట్టినవాడు ఏదో నేరం చేసినట్టు బ్యాటు పారేసి పరుగెత్తుతాడేమిటి? అంత బాగా కొట్టిన బంతిని ఫౌల్ అంటారేమిటి? ఏమీ చెయ్యకుండా నిలబడ్డవాణ్ణి నడుచుకుంటూ పొమ్మంటారేమిటి? పైపు దొర ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు, నేను యెస్, యెస్ అంటూనే ఉన్నాను. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో జనమంతా లేచి పాట అందుకుంటే, ఆట అయిపోయింది కాబోలు, ఇది వీళ్ళ జనగణమన కాబోలు అనుకుని చేతులు పక్కన పెట్టుకుని నిటారుగా నిలబడ్డాను. అందరూ ఊగుతూ పాడుతున్నారు. నేనొక్కణ్ణే దేశభక్తితో బిగుసుకుపోయి ఉన్నాను.

అసలు కథ ఆ తరవాత జరిగింది. పైవూరి టీమువాడు ఒకడు కొట్టిన బంతి గాల్లో తేలుతూ వచ్చి, నా ముందున్న బల్లకి తగిలి, నేరుగా నా ఒళ్ళో పడింది. తల ఎత్తి చూస్తే మైదానంలో ఆట ఆగిపోయి ఉంది. చుట్టూ జనం "విసురు, వెనక్కి విసురు!" అని అరుస్తున్నారు. మన పద్ధతి మనకి తెలుసు కదా. బంతి జనంలో పడితే దాన్ని తిరిగివ్వడం మర్యాద, లేకపోతే పాపం వాళ్ళు దేంతో ఆడతారు? వెంటనే లేచి, శక్తికొద్దీ మైదానంలోకి విసిరేశాను. స్టాండంతా హోరెత్తిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి వీపు తట్టారు, వెనకాయన ఎవరో బీరు ఇప్పించాడు. పైపు దొర నోట్లోంచి మొదటిసారి పైపు తీశాడు. బంతి ఇచ్చేస్తే ఇంత సంబరమా, ఈ దేశంలో నిజాయితీ ఇంత అరుదా అని నాకు జాలి వేసింది. అక్కడ దొరికిన బంతి దొరికినవాడిదేననీ, పైవాళ్ళు పరుగులు కొట్టిన బంతిని 'నీ బంతి మాకక్కర్లేదు పో' అని విసిరికొట్టడం వీరాభిమాని లక్షణమనీ సోమవారం కాఫీ మిషన్ దగ్గర గాని తెలియలేదు. "ఆట ఆగిపోకూడదని ఇచ్చేశానండీ" అని నిజం చెప్పాను. విరగబడి నవ్వారు. మళ్ళీ చెప్పాను. ఇంకా నవ్వారు.

అప్పట్నించి నేను వీరాభిమానిని. "టీమ్ మేనేజర్ని తీసెయ్యాలంటావా?", "ఆ ఎడమచేతి పిచర్ మీద నీ అభిప్రాయం?" అని రోజూ అడుగుతారు. ఎడమచేత్తో ఏం చేస్తాడో కూడా నాకు తెలియదు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి తల పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ బీన్స్ తుంచుతూ, "అతగాడా? ఆరో ఇన్నింగ్స్ దాటితే బంతి విసరలేక భుజం వాలిపోతుందండీ. ఆ మేనేజరేమో చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం. ఎప్పటికో మారుస్తాడు" అంది. నోరెళ్ళబెట్టాను. కారు లేదు, కబుర్లకి మనిషి లేదు, మధ్యాహ్నమంతా టీవీలో గేమే వస్తుంది, ఇంకేం చూస్తుంది మరి? ఆనాటినించి పొద్దున్నే ఆవిడ క్యారేజీతోపాటు ఒక అభిప్రాయం కట్టిచ్చేది, నేను కాఫీ మిషన్ దగ్గర దాన్ని విప్పేవాణ్ణి. ఎదురుప్రశ్న వేస్తే మాత్రం, "రేపు చెబుతాను" అనేవాణ్ణి. నన్ను మహా లోతైన మనిషి అనుకున్నారు.

జూలై చివర్లో ధైర్యం చేసి పైపు దొరని భోజనానికి పిలిచాను. సంతకం మాట ఎలాగైనా ఎత్తాలని నా ఆలోచన. పప్పూ, కోడికూరా వడ్డించి మా ఆవిడ కూర్చుందో లేదో, ఆయన మేనేజర్ మంచివాడన్నాడు. అంతే! "నో నో, వెరీ లేట్! ఆల్వేస్ లేట్!" అని గరిటె ఊపుతూ అందుకుంది. ఇద్దరూ గంటసేపు పోట్లాడుకున్నారు. కారానికి ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా వాదన ఆపలేదు. నేను మధ్యలో కూర్చుని ఇటు తిరిగి యెస్, అటు తిరిగి యెస్ అంటున్నాను. చివరికి గొంతు సవరించుకుని, "సార్, నా పేపర్ల సంగతి..." అన్నాను.

ఆయన వింతగా చూశాడు. "లాయర్‌కి ఎప్పుడో పంపాను కదా! నీ పని బాగుందని మే నెలలోనే సంతకం పెట్టాను. ఆ మాట చెప్పి సంతోషంగా గడుపుదామనే నిన్ను గేమ్‌కి తీసుకెళ్ళాను. నాలుగో ఇన్నింగ్స్‌లో చెప్పాను. నువ్వు యెస్, యెస్ అన్నావు. ఎంత నిబ్బరం ఉన్న కుర్రాడు అనుకున్నాను" అన్నాడు.

ఆయన వెళ్ళాక మా ఆవిడ నాకేసి తిరిగింది. "ఆరువారాలు కంటిమీద కునుకు లేకుండా చేశారు కదండీ. ఆ మనిషి చెవిలో చెప్పినా వినబళ్ళేదా?" అంది. తరవాత ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతూనే ఆవిడ ఏడ్చింది కూడా.

పైపు దొర పోయి చాలా ఏళ్ళయింది. ఆట నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. ఒక్కోసారి మాత్రం, ఎండలో ఆ బల్లమీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్న కుర్రాడి పక్కకి వెళ్ళి, భుజం మీద చెయ్యేసి, "ఉద్యోగానికేం ఢోకా లేదురా అబ్బాయ్, హాయిగా ఆట చూడు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా ఏం లాభంలెండి. నాకేసి చూడకుండానే, యెస్, యెస్ అంటూ తలూపేస్తాడు.