శనివారం లోపల

ఈ ఉదయం నోటీసు బోర్డు దగ్గర ఉన్నవి: మా శాఖ సెషనల్ మార్కుల జాబితా, నాలుగు గుండుపిన్నులు, దారానికి వేలాడే పెన్సిలు, మూడో సంవత్సరం కుర్రాడొకడు, లెక్చరర్‌నైన నేను. "సార్, మా దోస్తు పరీక్ష రాసిండు, గని ఆబ్సెంట్ ఏసిన్రు. ములుగుల ఉన్నడు. వాని బదులు నేను సంతకం పెట్టొచ్చా?" అన్నాడు.

నేను ఇదే వరంగల్ కాలేజీలో చదివేటప్పుడూ పద్ధతి ఇదే. రెండు పరీక్షలు, ఒక్కోదానికి పాతిక మార్కులు. మొత్తం ఇరవై రాకపోతే వార్షిక పరీక్షకు కూర్చోనివ్వరు, ఏడాది పోతుంది. తప్పుంటే ఎవరి నంబరు పక్కన వాళ్లే శనివారం లోపల సంతకం చేయాలి. ఆపైన జాబితా యూనివర్సిటీకి వెళ్లిపోతుంది, తిరిగి రాదు.

నా రూమ్మేటుది తొర్రూరు. సబ్బు ఎన్ని రోజులు వస్తోందో నేను గోడ మీద రాసుకుంటుంటే, "నువ్వు సచ్చినంక సుత లిస్టు రాస్తవ్‌రా" అని పడీపడీ నవ్వేవాడు. మొదటి పరీక్షలో వాడికి పద్దెనిమిది వచ్చాయి. రెండోది నా పక్క బల్ల మీదే రాశాడు. తండ్రికి పక్షవాతం వచ్చిందని కబురొస్తే ఆ సాయంత్రమే ఊరికి వెళ్లాడు. బుధవారం అంటించిన జాబితాలో వాడి రెండో పరీక్షకు ఆబ్సెంట్ అని ఉంది. నా పక్కనే రాశాడని సారుకు చెప్పాను. "రాసినవాడే రావాలి" అన్నారు. వెంటనే వాడికి పోస్టుకార్డు రాశాను: నంబరు, మార్కులు, గడువు, గడువు కింద గీత. గురువారం నేను వర్క్‌షాప్ రికార్డు ఇవ్వాలి, శుక్రవారం డ్రాయింగు షీటు. రెండూ ఇచ్చాను. కార్డు వాడికి సోమవారం అందింది.

వేసవిలో వాడి పేపరు పక్క సెక్షన్ కట్టలో దొరికింది. పదహారు మార్కులు. అప్పటికే తండ్రి మంచాన ఉన్నాడు, పత్తి చేనుకు మనిషి కావాలి. పోయిన ఏడాదిని మళ్లీ చదవడానికి వాడు రాలేదు. ట్రంకుపెట్టె కోసం వచ్చిన రోజు నేను తలెత్తలేకపోయాను. "కార్డు మంచిగ రాసినవ్‌రా. కింద గీత సుత గొట్టినవ్," అన్నాడు, నవ్వుతూనే. పెట్టె రెండో కొస పట్టుకుని బస్టాండు దాకా నడిచాను. బస్సు కదిలేదాకా ఇద్దరం వానల గురించి మాట్లాడుకున్నాం.

కుర్రాడికి చెప్పాను: "నీ సంతకం చెల్లదు. కార్డు రాయకు. ఇప్పుడే బస్సెక్కి తోలుకురా."

తొర్రూరు బస్సు నేను ఇప్పటికీ ఎక్కలేదు. అప్పుడు రెండు గంటల ప్రయాణం. ఇప్పుడూ రెండు గంటలే.