డబ్బా మీద రాసిన రెడ్

ఆ కుట్టు కార్ఖానాలో దారాల గది తాళంచెవి ఇరవై ఆరేళ్లుగా ఒక్కరి మొలకే వేలాడుతోంది. చిన్నాపెద్దా అందరికీ ఆయన దారాల బాబాయి. బడిలో కూర్చున్నది ఐదో తరగతి దాకానే అయినా, ఇంగ్లీషులో ఒక్క మాట మీద మాత్రం ఆయనకు వల్లమాలిన మమకారం. ఆ మాట రెడ్. పనిలో చేరిన కొత్తలో దారపు డబ్బా మీద సుద్దముక్కతో రాసి ఉంటే, కూడబలుక్కుని తనంతట తాను చదివిన తొలి ఇంగ్లీషు మాట అదే.

అప్పటినుంచి అది ఎక్కడ వినబడినా చెవులు రిక్కించేవాడు. గొప్పవాళ్లు వస్తే పరిచేది రెడ్ కార్పెట్ అట. ఆఫీసులో కాగితం కదలకపోతే రెడ్ టేప్ అట. ప్రమాదముంటే రెడ్ సిగ్నల్, దొంగ సొత్తుతో సహా దొరికితే రెడ్ హ్యాండెడ్. మూడంటే మూడక్షరాలు, ఎన్ని కొలువులు చేస్తోందో అని దేవుడి సృష్టిని తలుచుకున్నట్టు తలుచుకునేవాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇవన్నీ ఏకరువు పెడుతుంటే కటింగ్ మాస్టారు, ఇంగ్లీషంతా రాకపోవడం మా అదృష్టం బాబాయ్, ఒక్క మాటకే చెవులు చిల్లులు పడుతున్నాయని వేళాకోళమాడేవాడు. బాబాయి నవ్వేసి, తన డబ్బాలోని కూర సగం మాస్టారి డబ్బాలోకి వంపేవాడు.

ఆ వారం ఒక ఆసుపత్రికి ఎనభై తెల్లకోట్లు కుట్టాలి. జేబు మీద ఎర్రదారంతో గుర్తు వెయ్యాలి. దారం కొత్త పెట్టెల్లో వచ్చింది. వాటి మీద అంకెలున్నాయి గానీ మాటల్లేవు. ఎప్పటిలాగే తెల్లవారేసరికి మాట రాసి ఉంటుందిలే అని బాబాయి రెండు రోజులు చూశాడు. లేదు. మూడో రోజు గుర్తుల మిషను పిల్ల దారం కోసం వచ్చి నిలబడింది. ఆయన రెండు కండెలు కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసి, కాస్త ముదురుగా అనిపించినదాన్ని ఇచ్చాడు. బాబాయి చేతిలోంచి వచ్చిన దారాన్ని మళ్లీ అడగడమన్నది ఆ కార్ఖానాలో లేదు. గుర్తు రంగు మార్చారు కాబోలు అనుకుని ఆ పిల్ల కుట్టేసింది.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరమ్మ కోట్లన్నీ బల్ల మీద పరిపించి ఆయన్ను పిలిపించింది.

"ఈ గుర్తు ఏం రంగు బాబాయ్?"

"రెడ్ కదమ్మా."

మిషన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆవిడ ఇంకో కండె తెచ్చి గుర్తు పక్కన పెట్టింది.

"మరి ఇది?"

బాబాయికి రెండూ ఒకేలా ఉన్నాయి. పరాచికాలాడుతోందేమోనని ఆవిడ ముఖంలోకి చూశాడు. నవ్వు లేదు. మీరిచ్చింది ఆకుపచ్చ, ఇప్పుడు నేను పెట్టింది ఎరుపు అని ఆవిడ మెల్లగా చెప్పింది.

రంగులు ఎవరికైనా అరకొరగానే తెలుస్తాయనీ, అందుకే డబ్బాల మీద మాట రాస్తారనీ ఆయన నమ్మకం. టమాటా పండిందో లేదో నొక్కి చూస్తాడు, లోకమంతా అలాగే చూస్తుందనుకున్నాడు. రోడ్డు మీద పై దీపం వెలిగితే ఆగుతాడు. యాభై నాలుగేళ్లు వచ్చాక, ఎదుటివాళ్ల కళ్లకు కనబడేది తన కళ్లకు లేదని ఎనభై తెల్లకోట్ల ముందు తెలిసింది.

అప్పుడు ఇస్త్రీ బల్ల దగ్గరనుంచి ఒకావిడ ముందుకొచ్చింది. బాబాయికి రెండేళ్లు చిన్న, ఆయన్ను అన్నయ్యా అంటుంది. కోడలి పురుడని సెలవు పెట్టి వారం తర్వాత ఆ పూటే పనిలోకొచ్చింది.

"తప్పు నాదమ్మా. పెట్టెల మీద రాసేది నేనే. ఈసారి నేను ఊళ్లో లేను."

బాబాయి తల తిప్పాడు. ఆవిడ ఆయన వైపు చూడకుండా చెప్పుకుపోయింది. ఆయన చేరిన నెలలో తాను చిన్నపిల్ల గౌనుకు ఎర్రదారం అడిగితే పచ్చది ఇచ్చాడట. మర్నాడూ అంతేనట. అప్పుడు ఆయన భార్య మంచాన ఉంది, పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని దారం వచ్చినప్పుడల్లా అందరికంటే ముందొచ్చి సుద్దముక్కతో రాసిపెట్టేదట. బాబాయి చుట్టూ చూశాడు. కటింగ్ మాస్టారు తల దించుకున్నాడు. పాత దర్జీలంతా తల దించుకున్నారు. తెలియనిది ఆ పిల్లకూ సూపర్‌వైజరమ్మకూ, తనకూ.

"నాకెందుకు చెప్పలేదు చెల్లెమ్మా?"

"చెబితే తాళంచెవి ఇచ్చేసి వెళ్లిపోయేవారన్నయ్యా."

నిజమే. ఆయన చెయ్యి అప్పటికే మొల దగ్గరుంది. ముడి ఊడదీసి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. సూపర్‌వైజరమ్మ దాన్ని తీసుకుంది. ఇక దారాల గది మీకు ఇవ్వలేను బాబాయ్, నొచ్చుకోకండి, గుండీల బల్ల ఖాళీగా ఉంది, జీతం ఇదే, కూర్చుంటారా అని అడిగింది. ఈ కోట్లు బాగుచేసి వెళ్లి కూర్చుంటానమ్మా అన్నాడు బాబాయి.

గుర్తులు విప్పడానికి ఎవరూ పిలవకుండానే ఆరుగురు చేరారు. బాబాయి పక్కన మాస్టారు కూర్చున్నాడు. పది గుర్తులు విప్పాక బాబాయి సూది ఆపాడు.

"మాస్టారూ, అసలు రెడ్ ఎలా ఉంటుంది?"

ఎప్పుడూ మాటకు తడుముకోని మాస్టారు నోరు తెరిచాడు. గదంతా ఒకసారి కలయజూసి, చెప్పడం చాతకావడం లేదు బాబాయ్ అని, తలొంచుకుని ఇంకో కోటు ఒళ్లోకి తీసుకున్నాడు.