ఖాళీ గంప

1960ల్లో మహబూబ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి అవ్వకు మోకాళ్ల నొప్పులు. రోజూ సాయంత్రం చెరువు చుట్టూ ఒకసారి నడిచి రమ్మన్నాడు దవాఖాన డాక్టరు. దారి చదునే, నడక సులువే. కానీ పనిలేకుండా తిరగడమంటే అవ్వకు మహా సిగ్గు. అందుకని నెత్తిన ఖాళీ గంప పెట్టుకుని బయలుదేరేది.

"యాడికవ్వా?" అని ఎవరైనా అడిగితే, "జర పనుంది బిడ్డా" అంటూ గంప సర్దుకునేది. నేను తోడు వెళ్తే నా చేతికీ ఒక ఖాళీ సంచి ఇచ్చేది.

నొప్పులు తగ్గాయి. ఒకనాడు ఆ డాక్టరే చేతులూపుకుంటూ ఎదురొచ్చాడు.

"నేను గూడ నడుస్తున్ననవ్వా" అన్నాడు.

అవ్వ అటూ ఇటూ చూసి, గంప దించి ఆయన చేతుల్లో పెట్టింది.

"గిది పట్టుకో సారూ. ఎవరన్న చూస్తే దవాఖానల పని లేదనుకుంటరు."