వడ్ల పొట్టుకు ఒక నినాదం

అరవైల్లో నేను కరీంనగర్ కాలేజీలో బాటనీ చెప్పేదాన్ని. ఒకనాడు వ్యవసాయ శాఖ ఆఫీసరుగారు పల్చటి పుస్తకం ఒకటి పట్టుకుని మా ల్యాబుకు వచ్చారు. ఏదో దూరదేశపు వడ్ల విత్తనాలతోపాటు వచ్చిందట. స్పానిష్ భాష. అందులో గింజ పొట్టు గురించే నాలుగు పేజీలు.

"మేడం, జర గీ నాలుగు పేజీలు ఇంగ్లీషుల రాసియ్యుండ్రి. పై ఆఫీసుకు పంపాలె."

"నాకు స్పానిష్ రాదు సార్."

"బాటనీ పేర్లన్నీ గట్లనే ఉంటయి గద!"

బాటనీ చదివితే భూమ్మీది భాషలన్నీ వాటంతటవే వచ్చేస్తాయని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఇచ్చోడ దగ్గరి మిషన్ ఆసుపత్రిలో స్పెయిన్ నుంచి వచ్చిన సిస్టర్ ఉన్నారని తెలిసి, సెలవు పెట్టి బస్సెక్కాను. తన భాషలో అచ్చు చూసి ఎన్నేళ్లయిందో, ఆవిడ కళ్లు చెమర్చాయి, అదీ పొట్టు గురించి చదివి. కాకపోతే పట్నంలో పుట్టిన మనిషి. వరిని పళ్లెంలో తప్ప ఎరగరు. 'కాస్కరా' అంటే నారింజ తొక్కా కావచ్చు, గుడ్డు పెంకూ కావచ్చు అన్నారు. 'లెమా' దగ్గర మాత్రం అనుమానమే పడలేదు. 'మోటో' అని రాయించారు. అంటే నినాదం. ఆ లెక్కన ఈ రకం వడ్ల నినాదానికి నూగు ఉంటుందని తేలింది.

నిజానికి గింజను మూసే రెండు డొప్పల్లో పెద్దదాన్ని ఇంగ్లీషులో లెమ్మా అంటారు. స్పానిష్‌లో ఒత్తు లేదు, అంతే. ఇంటికొచ్చి దిద్ది రాసి, రెండు ప్రతులూ ఆఫీసరుగారికిచ్చి సంగతి చెప్పాను. ఆయన సిస్టర్ చెప్పిన ప్రతినే తీసుకున్నారు.

"ఆమె సొంత భాష మేడం. మీకంటె ఆమెకే ఎరుక."

"గింజకు నినాదమేంది సార్?"

"విదేశీ విత్తనం. ఉంటదేమో."

నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం ఆ ఇంగ్లీషు పై ఆఫీసుకు పంపి, మంథనిలో రైతుల సభ పెట్టి, నన్నూ పిలిచి, తెలుగు చేసి మరీ చదివారు. ముందు వరసలోని ఒక ముసలమ్మ అడిగింది.

"నినాదమా? ఏమంటది సారూ అది?"

ఆయన తడుముకోలేదు.

"అధిక దిగుబడి!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ యేడు వడ్లు పండాయి. నూగు సంగతి మాత్రం నిజమే. కళ్లంలో ఒళ్లంతా దురదలు పుట్టి జనం తిట్టుకున్నారు. మరుసటేడు ఆ విత్తనం ఎవరూ ముట్టలేదు. ఆఫీసరుగారికి హైదరాబాదు బదిలీ అయింది, విదేశీ పత్రాల అనువాదాలు పరిశీలించే సీటుకు.