నా బొమ్మ ఓడకి పుట్టీ

ప్లాస్టిక్ ముక్కలతో బొమ్మ ఓడలు కట్టడం నా ఆదివారం పిచ్చి. ఈ రోజు ఓడ పక్కల మీద కనబడిన ప్రతి చిన్న గుంటలోనూ పుట్టీ కూరి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాను. తడిమితే అచ్చం కోడిగుడ్డే! ఆగలేక, పోర్టులో ఓడల్ని లాగే టగ్గు పడవ మీద పనిచేసే మా బావని గోపాలపట్నం నుంచి రప్పించాను.

బావ వేలితో నిమిరి, "భలే సేసావు బావా! మరి లంగరు గొలుసు ఎక్కణ్నుంచి దిగుతాదేటి?" అన్నాడు.

గొలుసు దిగే కన్నం కూడా పూడ్చేశానన్నమాట! ఇద్దరం టార్చి వేసి వెతికాం. ఎంతకీ దొరకలేదు. బావ పడీపడీ నవ్వుతుంటే నేను ఎగిరి గంతేశాను. పోర్టువాడికే కన్నం కనబడలేదంటే పుట్టీ ఎంత బాగా కుదిరిందో చూడండి!

డ్రిల్లుతో కొత్త కన్నం పెట్టమంటున్నాడు బావ. ఇంత నునుపు మీద మీకైతే చేతులొస్తాయా?